స్నేహితుల మోటారు పందెములు – ఆన్‌లైను లీగుల కథ

మా మేనల్లుడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. శనివారము రాత్రి తొమ్మిదిన్నర దాటినచో అతడు ఎవ్వరికిని దొరకడు. భోజనము ముగించుకొని, గది తలుపు వేసికొని, బల్లకు బిగించిన స్టీరింగు చక్రము ముందు కూర్చుండును. కాళ్ల క్రింద పెడళ్లు, చెవులకు హెడ్‌ఫోను, ఎదుట కంప్యూటరు తెర. అప్పుడు డల్లాసు నగరమున పగలు పదకొండు గంటలు. లండనులో సాయంకాలము అయిదు. ఆ ఊళ్లలోను, మఱికొన్ని ఊళ్లలోను ఉన్న కాలేజీనాటి స్నేహితులు పదకొండుగురు అదే విధముగా తమ తమ ఇండ్లలో చక్రములు పట్టుకొని కూర్చుందురు. పండ్రెండుగురును కలిసి తెరమీది బాటపై కార్లు తోలి పందెములాడుదురు. ఏడాదికి ఇన్ని పందెములని పట్టిక, గెలుపునకు ఇన్ని పాయింట్లని లెక్క, ఏడాది చివర ఒక విజేత. దీనికి వారు లీగు అని పేరు పెట్టుకొన్నారు.

గడచిన వేసవిలో ఒక రాత్రి ఆ గదినుండి కేకలు వినవచ్చినవి. హెడ్‌ఫోను విసరివేసి స్పీకరు పెట్టినాడు కాబోలు, రెండు గొంతులును హాలులోనికి వినబడినవి.

“వెనకనుంచి వచ్చి గుద్దింది నువ్వేరా!”

“నిన్ను తాకనే లేదురా. మనిద్దరి మధ్య ఇంకో కారు పట్టేంత జాగా ఉంది. నేను చూస్తూనే ఉన్నాగా!”

ఆ రెండవ గొంతు డల్లాసులోని మిత్రునిది. పదునైదేండ్ల స్నేహము, ఒకే గదిలో ఉండి చదువుకొన్నవారు. ఇరువురును అబద్ధమాడు స్వభావము కలవారు కారు. అయినను ఆ పిదప మూడు వారములు వారి నడుమ మాటలు లేకపోయినవి. ఆటకు ఇంత తగవేమని మా అక్కగారు విసుగుకొన్నారు. నేను మాత్రము ఆ తగవు మూలము తెలిసికొనవలెనని బయలుదేరి, ఈ ఆట చరిత్రలోనికి దిగితిని. తెలిసినదేమనగా, ఇరువురును నిజమే చెప్పినారు. అది ఎట్లు సంభవమో చెప్పుటయే ఈ ప్రసంగము.

మోటారు పందెపు ఆటయంత్రములు నిన్న మొన్నటివి కావు. 1974లోనే అమెరికాలోని అటారీ కంపెనీ ‘గ్రాన్ ట్రాక్ 10’ అను యంత్రమును తయారు చేసినది. దానికి చక్రము, గేరు, పెడళ్లు అన్నియు కలవు. కాని ఆడువాడు ఒక్కడే. అతనికి ప్రత్యర్థి గడియారము. మఱుసటి యేడు అదే కంపెనీ ‘ఇండీ 800’ తెచ్చినది. ఇది పెద్ద బల్లవంటి యంత్రము. నడుమ ఒకే తెర. చుట్టును ఎనిమిది చక్రములు. ఎనమండుగురు భుజము భుజము రాచుకొనుచు నిలుచుండి ఆడుదురు. ఎవడు ఎవనిని గుద్దినదియు అందఱకును ఒకేసారి కనబడును. తగవు వచ్చినను తెర చూపి తీర్చుకొనవచ్చును.

1987లో జపానులోని నామ్కో కంపెనీవారి ‘ఫైనల్ ల్యాప్’తో ఈ పద్ధతి మాఱినది. ఇందు ఎవని తెర వానిదే. యంత్రములను తీగలతో కలిపి ఎనమండుగురి వఱకు ఒకే పందెమున దిగవచ్చును. తన కారులో కూర్చున్నట్లు తన యెదుటి బాట తనకు మాత్రమే కనబడుట ఆడువానికి గొప్ప సరదా. అయితే ఒకే తెర పోయి ఎనిమిది తెరలు వచ్చినవన్న సంగతిని నాడెవ్వరును అంతగా పట్టించుకొన్నట్లు లేదు. పట్టించుకొన నవసరమును లేదు. యంత్రముల నడుమ తీగ కొద్ది గజములే; వార్త చేరుట తక్షణమే.

ఆ తీగ టెలిఫోను తీగయై ఊళ్లు దాటినప్పుడు అసలు కథ మొదలైనది.

అమెరికాలోని మాసచూసెట్సు రాష్ట్రమున డేవిడ్ కేమర్, ఒమర్ ఖుదారీ అను ఇరువురు 1987లో పపైరస్ అను చిన్న సంస్థను స్థాపించిరి. 1989లో వారు తెచ్చిన ‘ఇండియనాపొలిస్ 500’ ఇంటి కంప్యూటరుపై కారు బరువును, టైర్ల పట్టును లెక్కగట్టి చూపుటకు శ్రద్ధగా యత్నించిన ఆట. 1994లో ‘నాస్కార్ రేసింగ్’ వచ్చినది. మోడెము అను పరికరముతో కంప్యూటరును టెలిఫోనుకు తగిలించి, వేఱొక ఇంటిలోని మిత్రునితో పందెమాడు సదుపాయము దీనితో కలిగినది. 1990ల ద్వితీయార్ధమున అనేకులు ఒక కేంద్ర యంత్రమునకు తమ కంప్యూటర్లను కలుపుకొని, గుంపుగా పందెములాడు ఏర్పాటును జరిగినది. మన ఇండ్లలో ట్రంకు కాలు బిల్లు చూచి పెద్దలు కళ్లెఱ్ఱజేసిన రోజులు జ్ఞాపకమున్న శ్రోతలకు, గంటలకొలది టెలిఫోను పట్టుకొని కార్లు తోలిన ఆ యువకుల సాహసము అర్థము కాగలదు.

ఆ గుంపులో డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్ అను యువకుడొకడు ఉండెను. అతని తండ్రి అమెరికా స్టాకు కారు పందెములలో పేరుమోసిన వీరుడు; కుమారుడును పిమ్మట అంతవాడైనాడు. ఈ తెరమీది పందెములలోనే అతనికి టి. జె. మేజర్స్ అను మఱియొక యువకునితో పరిచయమైనది. పరిచయము స్నేహమైనది. కాలక్రమమున మేజర్స్ నిజమైన పందెములలో అతనికి ‘స్పాటరు’ అయినాడు. స్పాటరనగా పందెపు బాట పైయెత్తున నిలిచి, ఏ కారు ఎటు వచ్చుచున్నదో రేడియో ద్వారా తన డ్రైవరు చెవిలో చెప్పువాడు. శిరస్త్రాణము ధరించి, పట్టీలతో బిగింపబడి, మెడ త్రిప్పుటకు వీలులేక గంటకు మూడువందల కిలోమీటర్ల వేగముతో పోవు డ్రైవరునకు ప్రక్కన కారున్నదో లేదో కనబడదు. “పక్కన ఉన్నాడు”, “ఇక ఎవరూ లేరు” అని చెప్పు ఆ గొంతును నమ్మియే చక్రము త్రిప్పవలెను. 2014 ఫిబ్రవరిలో జూనియర్ ప్రసిద్ధమైన డేటోనా 500 పందెమును గెలిచినప్పుడు అతని చెవిలో వినబడిన గొంతు, మొదట ఆటలో కలిసిన ఈ మిత్రునిదే. పందెములు బొమ్మలు గావచ్చును. స్నేహము బొమ్మ కాదు.

పపైరస్ వారు 1998లో ‘గ్రాండ్ ప్రీ లెజెండ్స్’ను విడుదల చేసిరి. అది 1967 నాటి ఫార్ములా వన్ పందెములను పునఃసృష్టించిన ఆట. ఆనాటి కార్లకు నేలకు అదిమిపట్టు రెక్కలు లేవు, టైర్లు సన్నము, ఇంజనుకు బలము మెండు. పెడలు కొంచెము గట్టిగా నొక్కినచో కారు బొంగరము. కొన్నవారిలో అనేకులు మొదటి మలుపైనను దాటలేక, విసిగి, పెట్టెలో పెట్టివేసిరి. వ్యాపారదృష్టితో చూచినచో అది విఫలమే. కాని పట్టు విడువక నేర్చినవారు దానిని ప్రాణముతో సమానముగా చూచుకొన్నారు. జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ బాట ఒక చుట్టు సుమారు 22.8 కిలోమీటర్లు, అడవులలో కొండలపై మెలికలు తిరిగిన దారి. దానిని మలుపు మలుపునకు జ్ఞాపకముంచుకొన్నవారు ఐరోపాలోను, అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను కలరు.

వీరు ఒకరినొకరు కలిసికొనుటకు ‘వీరాక్’ అను చిన్న కార్యక్రమము ఏర్పడినది. అందు ప్రవేశించినచో ఇప్పుడు ఎవరెవరు పందెమునకు సిద్ధముగా ఉన్నారో తెలియును; అక్కడ మాటలాడుకొని బాటకు పోవచ్చును. మన ఊరి రచ్చబండవంటిదన్నమాట. రచ్చబండ యున్నచోట కట్టుబాట్లును పుట్టును గదా. ఏ వారము, ఏ గంట, ఏ బాట, ఎన్ని చుట్లు. ఆలస్యముగా వచ్చిన వానిని చేర్చుకొనవలెనా. ఒకడు మూడుసార్లు రానిచో పేరు తీసివేయవలెనా – ఇట్టి నిబంధనలను ఏ ప్రభుత్వమును, ఏ కంపెనీయు చేయలేదు. ఆడువారే వ్రాసికొన్నారు. వీనిలో కొన్ని చూడముచ్చటగా నుండును. చాల లీగులలో రాత్రికి రెండు పందెములు: మొదటిదానిలో ముందు వచ్చినవారు రెండవదానిలో వెనుకనుండి బయలుదేరవలెను. చేయి తిరిగినవాడు వారము వారము గెలుచుచుండినచో మిగిలినవారు రెండు నెలలలో మానివేయుదురని వారు అనుభవముచేత కనుగొన్నారు. అట్లే ఏడాదిలో మిక్కిలి చెడిన ఒకటి రెండు ఫలితములను లెక్కలోనుండి తీసివేయు ఆచారము కలదు. ఇంట పెండ్లి వచ్చినవాడును, బిడ్డకు జ్వరము వచ్చినవాడును లీగులో నిలిచియుండుటకు అదియే ఉపాయము.

ఇంతకును మా మేనల్లుని తగవు.

చెఱువు ఆవలి గట్టున చాకలి బండపై బట్ట బాదుటను మీరు చూచియుందురు. చేయి దిగినది ముందు కనబడును. చప్పుడు తరువాత వినబడును. వార్త దూరమునుండి వచ్చుటకు కాలము పట్టును. ఇంటర్నెట్టులోను అంతే. హైదరాబాదునుండి లండనుకు సుమారు 7,700 కిలోమీటర్లు. లండనునుండి డల్లాసుకును చిత్రముగా ఇంచుమించు అంతే. ఈ స్నేహితుల కార్ల నన్నిటిని కలుపు కేంద్ర యంత్రము, అనగా సర్వరు, లండనులో ఉన్నది. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును. కావున తీగ చక్కగా గీత గీసినట్లున్నను, హైదరాబాదులో బ్రేకు నొక్కిన వార్త డల్లాసుకు చేరుటకు సెకనులో నూటికి దాదాపు ఎనిమిది వంతులు పట్టును. గంటకు 250 కిలోమీటర్ల వేగముతో పోవు కారు ఆ లోపల అయిదు మీటర్లకు పైగా సాగిపోవును. అనగా ఒక నిండు కారు పొడవు. తీగలు చుట్టు తిరిగి పోవును, నడుమ యంత్రములు కొంత కాలము తీసికొనును గావున నిజముగా పట్టు కాలము ఇంకను హెచ్చు.

ఈ లోటును పూడ్చుటకు ప్రతి కంప్యూటరును ఊహ చేయును. సముద్రమున నావికుడు దిక్కును, వేగమును చూచుకొని తన యోడ ఇప్పుడెక్కడ నుండవలెనో లెక్కగట్టునట్లు, కడపటి వార్తలోని వేగమును బట్టి అవతలివాని కారు ఈ క్షణమున ఇక్కడ నుండవలెనని గుణించి తెరపై చూపును. తిన్నని బాటలో ఈ ఊహ చక్కగా సరిపోవును. మలుపువద్ద, బ్రేకు వేయుచోట, తప్పును.

ఆనాడు జరిగినదిది. మొదటి మలుపువద్ద మా వాడు ముందు, డల్లాసు వాడు వెనుక. ఇరువురును ఇంచుమించు ఒకే క్షణమున బ్రేకు వేసిరి. డల్లాసు వాడు వేసిన బ్రేకు వార్త హైదరాబాదునకు ఇంకను చేరలేదు. కావున మా వాని కంప్యూటరు వెనుక కారు అదే వేగముతో వచ్చుచున్నదని ఊహించి, దానిని ముందుకు నడిపి, తగిలించినది. మా వాని కారు గింగిరాలు తిరిగి ఇసుకలో పడినది. డల్లాసులోనో, మా వాడు వేసిన బ్రేకు వార్త చేరలేదు గావున ముందు కారు ఇంకను ముందుకు పోవుచున్నట్లే కనబడినది. నడుమ ఎడము పెరిగినట్లే తోచినది. ఒకే క్షణము, ఒకే మలుపు, ఒక తెరపై ఢీ, ఇంకొక తెరపై ఖాళీ జాగా. ఈ రెండింటిలో నిజమైన పందెమేది అని అడిగినచో చెప్పుటకు వీలులేదు. పండ్రెండుగురు ఆడినప్పుడు అక్కడ పండ్రెండు పందెములు జరుగుచున్నవి. వానిని ఒక్కటిగా కుట్టి నిలుపునది ఆడువారి ఒప్పందము.

ఈ చిక్కును తొలినుండి ఎఱిగినవాడు డేవిడ్ కేమర్. పపైరస్ సంస్థ 2004లో మూతపడినది. అదే యేట అతడు జాన్ హెన్రీ అను ధనికుని తోడ్పాటుతో ‘ఐరేసింగ్’ అను క్రొత్త సంస్థకు పునాది వేసినాడు. 2008లో అది ఆడువారికి తెఱవబడినది. పందెపు బాటలను లేజరు కిరణములతో కొలిచి, గతుకు గతుకును తెరకెక్కించుట దాని గొప్పయని లోకమనును. నాకు మాత్రము దాని న్యాయపద్ధతి గొప్పగా తోచినది. రెండు కార్లు గట్టిగా తగిలినచో ఇరువురి ఖాతాలలోను తప్పు పాయింట్లు పడును. ఎవరిది తప్పని యంత్రము అడుగదు. అవి హెచ్చినకొలది ఆ డ్రైవరు భద్రతాస్థాయి తగ్గును. తప్పులేనివానికి శిక్షయేమని మొదట అందఱును మొఱ్ఱపెట్టుదురు. మన పంచాయతీ పెద్దలైనను ఒప్పుకొనరు. కాని రెండు తెరలలో రెండు నిజములున్నప్పుడు విచారణకు తావేది? తగిలించుకొనకుండుట ఇరువురి బాధ్యతయన్న ఒక్క సూత్రమునకు లోబడి అపరిచితులైనను కొంత మర్యాదగా తోలుచున్నారు.

2020 మార్చిలో కరోనా వ్యాధివలన నిజమైన పందెములు ఆగిపోయినప్పుడు ఈ ఆట హఠాత్తుగా టెలివిజనుకెక్కినది. ఆ నెల 22వ తేదీన నాస్కార్ డ్రైవర్లు తమ ఇండ్లనుండి ఆడిన పందెమును తొమ్మిది లక్షలకు పైగా ప్రేక్షకులు చూచిరి. కడపటి చుట్టులో డెన్నీ హామ్లిన్ గెలిచినాడు. రెండవవాడు మనము పైని చెప్పుకొన్న ఎర్న్‌హార్ట్ జూనియరే. జూన్ నెలలో లె మాన్ 24 గంటల పందెమును సైతము తెరమీదనే నడిపిరి. ఇవి అన్నియు పెద్ద ఆడంబరములు. వానిని గూర్చి హెచ్చుగా చెప్పను. ఒక్క సంఘటన మాత్రము చెప్పవలెను. ఆ యేడు మే 23న విద్యుత్కార్ల పందెమగు ఫార్ములా ఈ వారి ఆన్‌లైను పోటీలో జర్మను డ్రైవరు డేనియల్ ఆబ్ట్ మూడవవాడుగా వచ్చినాడు. అంతకుముందు అంతగా రాణించనివాడు ఒక్కసారిగా ఇంత వేగముగా పోవుట తోడి డ్రైవర్లకు వింతగొలిపినది. విచారింపగా, అతని పేరుతో చక్రము త్రిప్పినవాడు వేఱొకడని తేలినది. హాస్యమునకు చేసితినని అతడు చెప్పుకొన్నాడు. అయినను పదివేల యూరోలు ధర్మకార్యమునకు జరిమానాగా చెల్లించుటయే కాక, నిజమైన కారులో తనకున్న స్థానమును గూడ పోగొట్టుకొన్నాడు. ఆటలో చేసిన మోసమునకు ఉద్యోగము పోవుట అన్యాయమని కొందఱనిరి. చక్రము వెనుక ఉన్నది ఫలానావాడేయన్న నమ్మిక తప్ప వేఱు ఆధారము లేని చోట, ఆ నమ్మికను చెఱచినవానికి అది హెచ్చు శిక్ష కాదని నా అభిప్రాయము. ఆ ఫార్ములా ఈ పందెమే 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్‌సాగరు ఒడ్డున జరిగినది. అక్కడ ఎవరు తోలుచున్నారో అందఱకును కనబడినది.

మోసముకన్నను లీగులకు పెద్ద గండము వేఱొకటి కలదు. ఆడుకొను మైదానమే మాయమగుట. ఫ్రాన్సు దేశపు యూబీసాఫ్ట్ కంపెనీ 2014లో ‘ది క్రూ’ అను ఆటను అమ్మినది. నలుగురు మిత్రులు జట్టుగట్టి అమెరికా దేశమంతయు కార్లలో తిరుగవచ్చును. అయితే కంపెనీ సర్వరు లేనిదే కారు కదలదు. 2024 మార్చి 31న కంపెనీ ఆ సర్వరును ఆపివేసినది. డబ్బిచ్చి కొన్నవారికి సైతము ఒక్క వీథిలోనైనను పోవుటకు వీలు లేకపోయినది. దీనితో అలజడి బయలుదేరి, అమ్మిన ఆటలను ఇట్లు చంపరాదని ఐరోపాలో పెట్టిన అర్జీపై 2025 జూలై నాటికి పది లక్షలకు మించిన సంతకములు చేరినవి. పపైరస్ కంపెనీ పోయినను 1998 నాటి గ్రాండ్ ప్రీ లెజెండ్స్ పోలేదు. ఆ ఆటలో పందెమును నడుపు సాధనము కొన్నవారి చేతనే యున్నది. అభిమానులు దానికి క్రొత్త బాటలు చేర్చిరి; 1965, 1969 సంవత్సరముల కార్లను గూడ తయారు చేసిరి. కంపెనీ పోయిన తరువాతను వారి పందెములు ఏండ్ల తరబడి సాగినవి.

మా మేనల్లుని బృందమును ఆ జాగ్రత్త తీసికొన్నది. వారు ఆడునది 2014లో ఇటలీ దేశపు కూనోస్ సంస్థ విడుదల చేసిన ‘అసెట్టో కోర్సా’. దానికి ఎవరి సర్వరును వారే పెట్టుకొనవచ్చును. అద్దె పండ్రెండుగురును పంచుకొందురు.

తగవు తీర్చినవాడు లండను మిత్రుడు. ప్రతి కంప్యూటరును తాను చూచిన పందెమును దాచియుంచును; ఇరువురి దస్త్రములను తెప్పించి, ప్రక్క ప్రక్కన పెట్టి, అందఱకును చూపినాడు. ఎడమవైపున ఢీ, కుడివైపున ఖాళీ జాగా. కొంతసేపు ఎవ్వరును మాటలాడలేదట. తరువాత ఎవరో నవ్విరి. ఫలితము మార్పలేదు. మొదటి చుట్టు మొదటి మలుపువద్ద ముందు కారునకు రెండు కార్ల ఎడము విడువవలెనని నిబంధన ఒకటి చేర్చినారు.

నవంబరులో అమెరికావారు తమ గడియారములను ఒక గంట వెనుకకు త్రిప్పుదురు. అప్పుడు మన తొమ్మిదిన్నర డల్లాసువానికి పగలు పదిగంటలగును. ఆ వేళకు అతడు కూతురిని నాట్యము క్లాసుకు తీసికొనిపోవలెను. మార్చి వఱకు పందెమును మన వేళ ప్రకారము రాత్రి పదిన్నరకు మార్చవలెనని లీగులో ప్రతిపాదన వచ్చినది. ప్రతిపాదించినవాడు మా మేనల్లుడే. మా అక్కగారికి ఈ సంగతి ఇంకను చెప్పలేదు.